అబా క్వాన్సిమా చెవి డిప్పలు

సాల్ట్‌పాండ్‌లో నిలబడి అబా క్వాన్సిమా ఎవరని అడిగితే, అడిగినవాణ్ణి ఎగాదిగా చూసి, మీది ఏ ఊరు నాయనా అంటారు. రేవులో పడవలు లాగే మగవాళ్ళ నుంచి మాంకెసిమ్ సంతలో టమాటా బుట్టలు దించే ఆడవాళ్ళ దాకా ఆమె గొంతు వినని మనిషి ఈ తీరంలో లేడు. ఆమె బడి మొహం చూడలేదు, అక్షరం ముక్క రాదు. అయినా యోనా చేప కడుపులో పడ్డది మొదలు పేతురు నీళ్ళ మీద నడవబోయి మునిగినదాకా ప్రతి కథా నోటికి వచ్చు. అంతా చెవితో పట్టిన చదువే.

మా ఫాంటి జనం చర్చిల్లో ప్రసంగం పాస్టరు ఒక్కడి సొత్తు కాదు. ఆయన చెప్పుకుంటూ పోతుంటే, మాట పక్వానికి వచ్చిన చోట, బెంచీల్లోంచి ఒక ఆడమనిషి పాట ఎత్తుకుంటుంది. ఆయన ఎంతటివాడైనా ఆగాల్సిందే. ఆ పాట ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆయన అప్పుడే చెప్పిన కథను పట్టుకుని, అప్పటికప్పుడు వరస కట్టి ఒక పాదం విసురుతుంది. మిగతా ఆడవాళ్ళు వంత అందుకుంటారు. వంత పూర్తయ్యాక రెండో పాదం, మళ్ళీ వంత. పాట దిగాక పాస్టరు చెమట తుడుచుకుని, వదిలిన చోటు నుంచి మొదలుపెడతాడు. కాస్త ముందు ఎత్తితే ఆయన మాట విరుగుతుంది. కాస్త ఆలస్యమైతే మాట చల్లారిపోతుంది. ఆ అదను పట్టుకోవడంలో క్వాన్సిమాను మించిన మనిషి ఇటు విన్నెబా నుంచి అటు ఎల్మినా దాకా పుట్టలేదు.

ఊరికే అనడం లేదు. కేప్ కోస్ట్‌లో సంఘాలన్నీ కూడిన మహాసభలో, అంత జనంలో, వెనక బెంచీ నుంచి ఆమె పాట ఎత్తితే ఇంగ్లీషులో ప్రసంగిస్తున్న పెద్దాయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, పాట దిగేదాకా నిలబడిపోయాడు. అనోమాబు, అబాండ్జె, కొర్మాంట్సె ఊళ్ళ ఆడవాళ్ళకు వంత నేర్పింది ఆమే. గాలివానకు చర్చి పైకప్పు రేకులు లేచిపోతున్న రోజున జనం తలుపుల వైపు తొక్కుకోకుండా ఆపింది ఆమె పాటే. పడవ బోల్తాపడి పోయినవాళ్ళను ఇసుక మీద పడుకోబెట్టినప్పుడు, సముద్రం హోరు మీద కూడా వినబడేలా పాడింది. ఒక పాస్టరు ప్రసంగం మధ్యలో దారి తప్పి నీళ్ళు నములుతుంటే, ఆయన చెప్పాల్సిన తరువాతి ముక్కను పాటలో పెట్టి అందించింది. ఆయన జన్మంతా ఆమె కనబడితే టోపీ తీసేవాడు.

ఇంత చేసిన మనిషికి ఇంట్లో ఎవరూ లేరు. మొగుడు క్వెకు బైదూ కలప లారీ నడిపేవాడు, ఎప్పుడో పోయాడు. పుట్టిన బిడ్డలు నిలవలేదు. నాలుగు వైపులా గదులు, మధ్యన వాకిలి ఉన్న ఒక లోగిలిలో ఆమెదొక గది, గది ముందు ఇరుకు వరండా. ఎదురు గది ఎసి టావియాది. టావియా మొక్కజొన్న పిండి పులియబెట్టి, అరటాకుల్లో చుట్టి, పెద్ద డేగిసాలో ఉడికించి కెంకె అమ్ముతుంది. చర్చిలో వంతకు మొదటి గొంతు టావియాదే. క్వాన్సిమా పాదం విసిరితే టావియా అందుకోవాలి, ఆమె వెనక మిగతావాళ్ళు. ఇద్దరూ పొద్దున లేస్తే పోట్లాడుకునేవాళ్ళు, ఆదివారం పక్కపక్కనే కూర్చునేవాళ్ళు.

ఒక వానాకాలం చర్చి మెట్ల మీద జారి క్వాన్సిమా తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ కాలు వెనకటిది కాలేదు. వరండా దాకా నడవడానికి కర్ర కావాలి. చర్చి ఉన్నది గుట్ట మీద. మొదట్లో ఆరాధన కాగానే, వంత పాడే తెల్లగౌన్ల ఆడవాళ్ళు గుంపుగా వచ్చి చుట్టూ కూర్చునేవాళ్ళు. తరువాత ఇద్దరు ముగ్గురు. ఆ తరువాత, వస్తామని కబురు మాత్రం వచ్చేది.

మిగిలింది రేడియో. ఊళ్ళో రేడియో స్టేషన్‌వాళ్ళు ఆదివారం రెండో ఆరాధన వినిపిస్తారు. క్వాన్సిమా వరండాలో కుర్చీ వేసుకుని, తెల్లగౌను వేసుకుని, తలకు గుడ్డ బిగించి, రేడియోను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కొత్త పాస్టరు కుర్రవాడే అయినా మాట తెలిసినవాడు. మాట పక్వానికి వచ్చేది. ఆమె ఒళ్ళంతా బిగిసేది. ఇప్పుడు ఎత్తాలి, ఎవరో ఒకరు ఎత్తాలి. ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. పాస్టరు కూడా ఆగకుండా పోయేవాడు. లేక ఎవరైనా వెనక బెంచీలో ఎత్తితే రేడియోకు అందడం లేదేమో. ఆ అనుమానంతో ఆమె రేడియో గొంతు పెంచేది. లోగిట్లో పిల్లల గోల, రోకళ్ళ చప్పుడు, ఎవరి గదిలోనో టీవీ. ఇంకా పెంచేది.

పక్క గదిలో ఎన్యోనమ్ అని నర్సు ఉంటుంది. వోల్టా నది అవతలి ఎవె జాతి పిల్ల, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. ఒక ఆదివారం ఆ పిల్ల కళ్ళు ఎర్రగా చేసుకుని వరండా దగ్గరికి వచ్చి, మోకాలు వంచి దండం పెట్టి, అమ్మా అన్నట్టు మామె అని పిలిచింది.

"మామె, తప్పుగా అనుకోకండి. మీ పాస్టరు మా మంచం కింద నిలబడి చెబుతున్నట్టుంది."

"మంచి మాట మంచం కింద ఉంటే మంచిదేగా సిస్టర్."

"మంచిదే. ఆయన నిద్రపోనిస్తే ఇంకా మంచిది."

క్వాన్సిమా నవ్వింది గానీ ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. తన గొంతు కోసం ఊళ్ళు ఎదురుచూశాయి. తన ఇంటి చప్పుడు తగ్గించమని ఒకరు అడగడం, అదీ మర్యాదగా అడగడం, ఇదే మొదలు. రెండోసారి అనిపించుకోకూడదని రేడియోలు బాగుచేసే అబీకును పిలిపించింది.

అబీకు సంచీలోంచి రెండు రకాల హెడ్‌ఫోన్లు తీసి చాప మీద పెట్టాడు. క్వాన్సిమాకు ఆ పేరు నోరు తిరగలేదు. రెండు డిప్పలు, మధ్యన కొక్కెం. చెవి డిప్పలంది.

"ఇవి మూసిన డిప్పలు మామె. వెనకంతా గట్టి మూత. లోపలి చప్పుడు బయటికి పోదు, బయటిది లోపలికి రాదు. ఇవేమో తెరిచినవి. చూడండి, వెనక జల్లెడలా ఉంది. గాలి ఆడుతుంది, చెవి చెమట పట్టదు. పాట చెవిలో కుక్కినట్టు కాకుండా ఎదుట గదిలో పాడుతున్నట్టు ఉంటుంది. ఎవరైనా పిలిస్తే వినబడుతుంది. కానీ లోపలి పాట కాస్త బయటికి కారుతుంది."

"ఎంత కారుతుంది?"

"పక్కన కూర్చున్నవాళ్ళకు చీమ గొణిగినట్టు. గోడ దాటదు."

ఆమె ముందు తెరిచినవి పెట్టుకుంది. అబీకు రేడియోకు తీగ తగిలించాడు. ఎవరో వార్తలు చదువుతున్నారు. ఆ వార్తల్లోంచే టావియా డేగిసా మూత చప్పుడు, పక్క వీధి పిండిమర రొద, కోడి అరుపు. ఆమె మొహం ముడుచుకుంది.

"ఇదేమిటయ్యా, లోగిలంతా లోపలికి వచ్చి కూర్చుంది."

మూసినవి పెట్టుకుంది. పిండిమర ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. వార్తలు చదివేవాడు పేజీ తిప్పిన చప్పుడు, వాడి నాలుక తడి, ఊపిరి. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఇవీ," అంది పెద్దగా, తను అరుస్తున్నానని తెలియకుండా. "చర్చి తలుపులు వేసినట్టుంది."

అబీకు తల గోక్కున్నాడు. ఆమె తీసేదాకా ఆగి చెప్పాడు. "బస్సులో తిరిగేవాళ్ళకైతే మూసినవే ఇస్తాను. ఇంట్లో కూర్చుని వినేవాళ్ళకు తెరిచినవే హాయి. మీరు ఒంటరిగా ఉంటారు. ఎవరైనా పలకరిస్తే..."

"పలకరించేవాళ్ళను నేను చూసుకుంటాను. వెనక బెంచీలో ఎవరు దగ్గినా నాకు తెలియాలి. మూసినవే ఇవ్వు. ఆ పిల్ల నిద్రా పాడవదు."

ఆమె లెక్క తప్పేమీ కాదు. ఆ ఆదివారం డిప్పల్లో చర్చి మొత్తం ఆమె తలలోకి వచ్చేసింది. బెంచీ కిర్రుమనడం, ఎవరో ముసలాయన దగ్గు, పసిపిల్ల ఏడుపు అన్నీ తెలిశాయి. శిష్యులు రాత్రంతా వల వేసి ఒక్క చేపా పడక తెల్లారిన కథ చెబుతున్నాడు పాస్టరు. ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారన్నాడు. ఆగాడు. అదే అదను. ఆమె ఊపిరి బిగబట్టి వెనక బెంచీలన్నీ చెవితో తడిమింది. ఏ బెంచీ నుంచీ పాట లేవలేదు. అనుమానానికి ఇక తావు లేదు. అంత పెద్ద చర్చిలో పాట ఎత్తే మనిషి ఒక్కతీ లేదు.

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. ఆమె తట్టుకోలేకపోయింది. వరండాలో కూర్చున్నచోటే ఎత్తుకుంది.

"రాత్రంతా వల వేశాం, తెడ్డు బరువెక్కింది."

పాడి ఆగింది. పిలిచినవాడు ఒడ్డునే ఉన్నాడు అని లోగిట్లో ఆడవాళ్ళ వంత రావాలి. ఫాంటి ఆడదెవరికైనా ఆ జవాబు నేర్పనక్కర్లేదు, చెప్పులు వదిలినంత సులువుగా వస్తుంది. రాలేదు. మూసిన డిప్పల్లో తన పాదం మాత్రం పుర్రె లోపల గుండ్రంగా తిరిగి అణిగిపోయింది. పాస్టరు ముందుకు పోతున్నాడు. సరే, దూరంగా ఉండి వినలేదేమోనని రెండో పాదం ఎత్తింది. మళ్ళీ ఏమీ లేదు.

చిన్నప్పటి నుంచీ ఆమె విసిరిన పాదం నేల మీద పడలేదు. శవం దగ్గర కూడా ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపి అందుకున్నారు. పాట ఎత్తినామెకు వంత ఇవ్వకపోవడమంటే ఎదురొచ్చి పలకరించినవాణ్ణి చూసి మొహం తిప్పుకోవడం. కాదు, అంతకంటే ఎక్కువ. నువ్వు లేవు అనడం.

ఆమె వరుసగా కొన్ని ఆదివారాలు చూసింది. ప్రతిసారీ మాట పండిన చోట పాడేది, ఆగేది, రెండో పాదం తనే ఎత్తేది, ఆపేసేది. వరండా గోడ వైపు తిప్పి వేసిన కుర్చీ. ఎదురు గదిలో టావియా ఉన్నదని తెలుసు. టావియా తెల్లవారుజాము ఆరాధనకు వెళ్ళి, రెండోది మొదలయ్యేసరికి సోమవారం కెంకె కోసం పొయ్యి ముందుకు వచ్చేస్తుంది. లోగిట్లో ఇంకా ఆడవాళ్ళున్నారు. అందరికీ వంత తెలుసు. తనే నేర్పింది. అంటే కావాలనే. కాలు విరిగింది కదా, ఇక ఈవిడ పాటెందుకు అనుకున్నారన్నమాట.

ఆమె అడగలేదు. అడిగి తెచ్చుకునే వంత వంతా? టావియా దగ్గర కెంకె కొనడం మానేసి, రొట్టె తెప్పించుకుని టీలో ముంచుకుని తినడం మొదలుపెట్టింది. ఫాంటి మనిషి కెంకె మానడమంటే మాటలు కాదు. రోజుల తరబడి డిప్పలు తీయలేదు. రేడియో కట్టేసినా తీసేది కాదు. లోగిట్లో ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర నవ్వుకుంటుంటే, ఆ నవ్వుల్లో తను లేనప్పుడు అవి వినడమెందుకు? ఖాళీ డిప్పల్లో సముద్రం హోరులాంటిదేదో వినబడేది. అది తన నెత్తురే అని ఆమెకు తెలియదు. తెలిసినా అంతకంటే తోడు ఎవరున్నారు?

ఇటు లోగిట్లో మాట ఇంకోలా పుట్టింది. వరండా ముందు నుంచి పోతూ పలకరించినవాళ్ళకు జవాబు లేదు. చేయి ఊపినా గోడ వైపు తిరిగిన మనిషికి కనబడదు. మహాసభల మనిషి కదా, మన పలకరింపులు బరువయ్యాయి అన్నారు. ఒక్కొక్కరే మానేశారు. నర్సు ఎన్యోనమ్ మాత్రం ఆమె చెవుల వెనక చెమటపొక్కులు చూసి, మందు రాసి పోయేది. ఆ పిల్ల వేళ్ళు చెవి మీద ఆనినంతసేపు క్వాన్సిమా కదలకుండా కూర్చునేది.

ఒక రోజు ఆ పిల్లే టావియా దగ్గర రెండు వేడి కెంకెలు, వేయించిన చేప, పచ్చిమిరప నూరిన ముద్ద పళ్ళెంలో పెట్టుకుని తెచ్చి, ఆమె ఒక చెవి మీది డిప్ప పక్కకు జరిపింది.

"రొట్టె తిని తిని చిక్కిపోయారు మామె. ఇది తినండి."

"ఎవరి పొయ్యిది?"

"ఇంకెవరిది, టావియా మామెది. ఆవిడే ఇచ్చింది."

"తీసుకుపో. నా పాటకు నోరు విప్పని మనిషి చేతి కెంకె నా గొంతు దిగదు."

ఆ మాట వాకిలి దాటింది. చెవులు సగం మూసుకున్న మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. టావియా పిండి కలిపే తెడ్డు చేతిలో పట్టుకునే వచ్చింది.

"ఏమే క్వాన్సిమా, నా కెంకెకు కాళ్ళొచ్చాయా? ఇచ్చింది ఇచ్చినట్టు వెనక్కి నడిచొస్తోంది."

క్వాన్సిమా డిప్పలు మెడ మీదకు దించింది. "నీ నోటికి తాళం పడ్డాక నీ కెంకెకు కాళ్ళు రాకూడదా?"

"తాళమా? నా నోటికా? ఈ లోగిలినంతా అడుగు. మొదటి ఆదివారం ఉన్నట్టుండి అరిచావు. పాస్టరు లేడు, ప్రసంగం లేదు, నువ్వేం వింటున్నావో మాకు తెలియదు. అయినా పొయ్యి వదిలేసి అందుకున్నాను. నా వెనక వీళ్ళంతా అందుకున్నారు. మేం సగంలో ఉండగానే రెండో పాదం ఎత్తేశావు. తరువాతి వారం అంతే. ఆ తరువాతా అంతే. నా గొంతు మీద కాలేసి నడిచిపోయావు. నేనేం మనిషిని కాదా?"

"అబద్ధం."

"నేనా అబద్ధం చెప్పేది?"

"కేప్ కోస్ట్‌లో అంత మంది ముందు పాడినదాన్ని నేను. రేకులు లేచిపోతుంటే పాడినదాన్ని. ఏ ఊళ్ళో ఎవరి వంత మీదైనా కాలేశానా? ఒక్కరి పేరు చెప్పు. పాట ఎత్తడమంటే ఏమిటో ఈ తీరానికి నేర్పింది ఎవరు?"

"కేప్ కోస్ట్‌లో వేయలేదు. ఇక్కడ వేశావు. అక్కడ నీ పక్కన ఉన్నదీ నేనే, అది ఎప్పుడూ చెప్పవేం?"

అంతవరకూ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఎన్యోనమ్ దాన్ని కింద పెట్టింది.

"మామె, ఒక్క నిమిషం అవి మళ్ళీ చెవులకు పెట్టుకోండి. రేడియో వేయండి. ఆదివారం కూర్చునేటట్టే గోడ వైపు తిరగండి."

"ఎందుకు?"

"నా కోసం తిరగండి."

ఆమె తిరిగింది. రేడియోలో ఎవరో ఎరువుల గురించి మాట్లాడుతున్నారు. కాసేపయింది. ఎన్యోనమ్ ముందుకు వచ్చి నెమ్మదిగా డిప్పలు తీసింది.

"విన్నారా?"

"ఏం వినాలి? పాడేదైతే మొదలుపెట్టమను టావియాను."

నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి వచ్చి నిలబడి ఉన్నారు. టావియా మెడ నరాలు ఇంకా ఉబ్బే ఉన్నాయి. ఆమె గడప మీద కూలబడి తెడ్డు పక్కన పెట్టుకుంది.

"పాడేశాను," అంది. "పూర్తిగా. రెండుసార్లు."

క్వాన్సిమా చేతిలో డిప్పలను అటూ ఇటూ తిప్పి చూసింది. తప్పు తనదని నోటితో ఒప్పుకోవడం ఆమెకు ఎన్నడూ అలవాటు లేదు.

"నీ గొంతు బొంగురుపోయిందే టావియా," అంది చివరికి. "అందుకే అందలేదు."

అది సరదాకే అంది. వేరే రోజైతే టావియా పది మాటలు తిరిగి అనేది. ఆ రోజు లేచి తెడ్డు తీసుకుంది.

"అవును, బొంగురుపోయింది. పొగలో కూర్చుని కూర్చుని. ఇంక దాన్ని అడక్కు," అని వెళ్ళిపోయింది.

అబీకు వచ్చి మూసిన డిప్పలు తీసుకుని తెరిచినవి ఇచ్చాడు. నేను ముందే చెప్పాను అనలేదు, మంచివాడు. తీగ తగిలించి, గొంతు ఎంత పెంచాలో చూపించి పోయాడు. ఎన్యోనమ్‌ను అడిగితే, "రేడియోకు నిద్రపట్టదు గానీ మీ పాటకు పట్టేస్తుంది మామె, పాడండి" అంది.

ఆదివారం వచ్చింది. క్వాన్సిమా కుర్చీని గోడ వైపు నుంచి వాకిలి వైపు తిప్పించుకుంది. తెల్లగౌను, తలగుడ్డ. డిప్పలు పెట్టుకుంది. చర్చి పలచబడిపోయింది. వెనక బెంచీలు లేవు, పేజీల చప్పుడు లేదు. పాస్టరు ఎదుట ఎక్కడో, వీధి అవతల నిలబడి చెబుతున్నట్టున్నాడు. ఆయన మాటల మధ్య ఖాళీల్లోంచి కోడి, రోకలి, ఎవరి టీవీలోనో చప్పట్లు, టావియా పొయ్యిలో కట్టె చిటపట. ఇన్నాళ్ళూ ఇదంతా ఇక్కడే ఉందా అనుకుంది. చెవుల మీద గాలి తగులుతోంది.

పాస్టరు హాగరు కథ చెబుతున్నాడు. ఇంట్లోంచి గెంటితే ఎడారిలో పడిన ఆడమనిషి. తోలుతిత్తిలో నీళ్ళు అయిపోయాయి, బిడ్డ చావు చూడలేక పొద కింద పెట్టి దూరంగా పోయి కూర్చుంది. ఇదే మనిషి అంతకుముందొకసారి, నన్ను చూసేవాడున్నాడు అన్నదన్నాడు. ఆగాడు.

క్వాన్సిమా ఎత్తుకుంది.

"తిత్తి ఎండింది, దారి లేదు, ఎవరు చూస్తారు నన్ను."

పాడుతూనే ఉలిక్కిపడింది. తెరిచిన డిప్పల్లోంచి తన గొంతు తనకు బయటి నుంచి వినబడింది, ఇతరులకు వినబడేటట్టు. అది పాట కాదు. రేవులో పడవను పిలిచే కేక. మూసిన డిప్పల్లో ఇన్ని వారాలూ తల లోపల గుండ్రంగా, నిండుగా మోగింది ఇదేనా? ఇంత ఎత్తులో ఎవరు అందుకుంటారు? అందుకున్నవాళ్ళకు ఎంత కష్టమై ఉంటుంది?

ఆగింది. రోకలి ఆగింది. నీళ్ళ దగ్గర బిందె చప్పుడు ఆగింది. వంత రాలేదు.

ఈసారి వినబడని నిశ్శబ్దం కాదు. లోగిలంతా ఉండి, వింటూ ఉండి, నోరు విప్పని నిశ్శబ్దం. ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషి వైపు చూసి ఉంటుంది, ఆమె టావియా గది వైపు చూసి ఉంటుంది. మొదటి గొంతు లేవకుండా మిగతావి లేవవు. పాస్టరు మళ్ళీ అందుకుని నీటిబుగ్గ దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. రెండో పాదం ఎత్తితే ఇంకా ఆయనను పట్టుకోవచ్చు. ఆమె ఎత్తలేదు.

పాట ఎత్తే మనిషి ఒకే పాదాన్ని రెండుసార్లు విసరదు. అది అడుక్కోవడం. ఈ తీరంలో ఆమె అలా చేయగా ఎవరూ చూడలేదు. ఆమె కర్ర ఆనించి, వెన్ను కాస్త వంచి, గొంతు దించింది. కేకలో నుంచి మాటలోకి దించింది. ఇంకా దించింది, పొగ పట్టిన ముసలి గొంతుకు శ్రమ లేకుండా అందే చోటికి. ఆ స్థాయిలో తను పాడినట్టు ఆమెకే జ్ఞాపకం లేదు.

"తిత్తి ఎండింది, దారి లేదు, ఎవరు చూస్తారు నన్ను."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగింది. డేగిసా మూత తీసి పక్కన పెట్టిన చప్పుడు. ఎవరి టీవీలోనో జనం నవ్వారు.

తరువాత పొగ వెనక నుంచి, ఒక తాళం ఆలస్యంగా, వచ్చింది. ఒక్కటే గొంతు. మిగతావాళ్ళెవరూ కలవలేదు.

"చూసేవాడు చూస్తూనే... ఉన్నాడు."

మధ్యలో దగ్గు అడ్డం పడింది. టావియా దగ్గి, విడిచిన మాట దగ్గరికి వెనక్కి వెళ్ళి, మళ్ళీ అందుకుంది. క్వాన్సిమా కదల్లేదు. చెవి దగ్గర పాస్టరు చీమ గొణిగినట్టు గొణుగుతూ ఎక్కడికో పోయాడు, హాగరు బిడ్డ ఇష్మాయేలు పెద్దవాడై విలుకాడయ్యాడు, ప్రసంగం ముగింపుకు వచ్చింది. ఆ పాట ఎక్కడ పెట్టాలో ఆ చోటు ఎప్పుడో దాటిపోయింది. ఆమె ఆగే ఉంది. టావియా చివరి అక్షరం పొగలో సన్నగిల్లి, పూర్తిగా అణిగి, లోగిట్లో ఏమీ మిగలని దాకా ఆగి, అప్పుడు రెండో పాదానికి ఊపిరి తీసుకుంది.